నక్షత్రం గుర్తు లేని కంప్యూటర్

జున్ను, చాక్లెట్లలో అమెరికా సరుకు మానేయడం డెన్మార్క్ టెక్నాలజీ ప్రియులకు పెద్ద కష్టం కాలేదు. చిక్కంతా ల్యాప్‌టాప్ దగ్గరే వచ్చిపడింది.

2025 మార్చిలో డెన్మార్క్‌లోని అతి పెద్ద చిల్లర వర్తక సంస్థ సాలింగ్ గ్రూప్ తన దుకాణాల్లో ఓ కొత్త గుర్తు ప్రవేశపెట్టింది. బిల్కా, ఫోటెక్స్, నెట్టో వంటి దుకాణాల్లో ఐరోపా కంపెనీల సరుకుల ధర చూపే ఎలక్ట్రానిక్ పట్టీ మీద చిన్న నల్ల నక్షత్రం కనిపించసాగింది. డెన్మార్క్ రాజ్యంలో భాగమైన గ్రీన్‌లాండ్ తమకు కావాలని అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ పట్టుబట్టడం మొదలయ్యాక, చేతిలోకి తీసుకున్న సరుకు ఏ దేశపు కంపెనీదని కొనుగోలుదారులు ఆరా తీయడం పెరిగింది. అమెరికా సరుకులు అమ్మడం మానబోమనీ, ఎంచుకునే వీలు మాత్రం కల్పిస్తున్నామనీ సంస్థ చెప్పింది.

జామ్, బిస్కెట్లు, సబ్బుల విషయంలో ఆ నక్షత్రం బాగానే పనిచేసింది. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసింది. విండోస్ తయారుచేసేది వాషింగ్టన్ రాష్ట్రంలోని మైక్రోసాఫ్ట్. ప్రాసెసర్ ఇంటెల్‌దైనా, ఏఎండీదైనా, యాపిల్‌దైనా ఆ కంపెనీ ఉండేది కాలిఫోర్నియాలోనే. అత్యాధునిక చిప్‌లలో అధిక భాగం తైవాన్‌లో తయారవుతాయి, ల్యాప్‌టాప్‌లలో అధిక భాగానికి చైనాలో తుదిరూపు వస్తుంది. ఆ చిప్‌లను తయారుచేసే అతి సున్నితమైన యంత్రాలు మాత్రం నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ నుంచి వెళతాయి. కానీ యంత్రం ఐరోపాది కదా అని ల్యాప్‌టాప్‌కు నక్షత్రం వేయలేరు.

డెన్మార్క్‌లో కంప్యూటర్ ఎంపిక ఒకప్పుడు మెమరీ ఎంత, తెర ఎలా ఉంది, 25 శాతం వ్యాట్ కలిపాక ధర ఎక్కడ తేలుతుంది అన్న లెక్కలతో ముగిసేది. ఇప్పుడు మరో ప్రశ్న వచ్చి చేరింది. దీని మీట ఎవరి చేతిలో ఉంది?

ఆ ప్రశ్నను ప్రభుత్వమే బాహాటంగా వేసుకుంది. కోపెన్‌హాగెన్, ఆర్హుస్ నగర పాలక సంస్థలు మైక్రోసాఫ్ట్ మీద ఆధారపడటం తగ్గించుకుంటామని ప్రకటించాయి. 2025 జూన్‌లో అప్పటి డిజిటల్ వ్యవహారాల మంత్రి కరోలినె స్టేజ్ తన మంత్రిత్వ శాఖలోనే మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌ను తీసేసి లిబ్రె ఆఫీస్ పెట్టబోతున్నట్టు చెప్పారు. వేసవిలో సగం మంది ఉద్యోగులకు, శరదృతువు కల్లా అందరికీ అన్నది ప్రణాళిక. వ్యవహారం మరీ జటిలమైతే పాత పద్ధతికి తిరిగి వెళ్లగలమని కూడా ఆమె దాచకుండా చెప్పారు. విండోస్‌ను కూడా తీసేసి లినక్స్ పెడుతున్నారని మొదట వార్తలు వచ్చాయి. అది నిజం కాదు. మారేది రాతకోతల సాఫ్ట్‌వేర్ మాత్రమేనని తర్వాత సవరణలు వెలువడ్డాయి. లినక్స్ అభిమానుల ఉత్సాహం అంతటితో కాస్త చల్లబడింది.

భయానికి కారణం గ్రీన్‌లాండ్ ఒక్కటే కాదు. ద హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ప్రధాన ప్రాసిక్యూటర్ కరీం ఖాన్ మీద అమెరికా 2025 ఫిబ్రవరిలో ఆంక్షలు విధించింది. ఆయనకు తన మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ అందకుండా పోయిందని మే నెలలో వార్తలొచ్చాయి. కోర్టుకు తాము సేవలు ఆపలేదని మైక్రోసాఫ్ట్ ప్రెసిడెంట్ బ్రాడ్ స్మిత్ ఖండించారు. ఎవరి వాదన ఎలా ఉన్నా, ఓ అంతర్జాతీయ కోర్టు అధికారి ఉత్తరాల పెట్టె గురించి ఇలాంటి చర్చ జరగడమే ఐరోపా రాజధానులను కలవరపెట్టింది. ఆ కోర్టు తర్వాత జర్మనీకి చెందిన ఓపెన్‌డెస్క్ వైపు మళ్లాలని నిర్ణయించుకుంది.

భారతీయులకు ఈ సంగతి ఇంకా దగ్గరగా తెలిసొచ్చింది. రష్యా చమురు సంస్థ రాస్‌నెఫ్ట్‌కు వాటా ఉన్న నయారా ఎనర్జీ గుజరాత్‌లోని వాడినార్‌లో రిఫైనరీ నడుపుతోంది. 2025 జులైలో ఐరోపా సమాఖ్య ఆంక్షలు దాని మీద పడగానే మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీకి ఈమెయిల్, టీమ్స్ సేవలు నిలిపివేసింది. నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక, కొద్ది రోజులకే సేవలు తిరిగి మొదలయ్యాయి. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యంలోని కంపెనీ అది. ఇక్కడ ఆంక్షలు అమెరికావి కావు, ఐరోపావి. అంటే డెన్మార్క్ వాసులు ఏ మీటకు భయపడుతున్నారో, అదే మీటను వారి సమాఖ్య మరొకరి మీద నొక్కించింది. డిజిటల్ స్వయం నిర్ణయాధికారం గురించి కోపెన్‌హాగెన్‌లో జరిగే చర్చల్లో ఈ ఉదంతం అంతగా వినిపించదు.

డెన్మార్క్‌కు ఈ పరిస్థితి రావడం ఒక రకంగా విచిత్రమే. కంప్యూటర్ రంగానికి ఇంత చిన్న దేశం ఇచ్చినంతగా ఇచ్చిన దేశాలు తక్కువ. తొలి కంప్యూటర్ 'దాస్క్'ను 1950ల చివరలో అక్కడి రెయినెసెంట్రాలెన్ సంస్థ సొంతంగా నిర్మించింది. ప్రోగ్రామింగ్ భాష ఆల్గాల్ 60 రూపకర్తల్లో ఒకరైన పీటర్ నావుర్‌కు 2005 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. సీ++ను సృష్టించిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్‌ది ఆర్హుస్, కానీ పని జరిగింది అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో. కోపెన్‌హాగెన్‌లో టర్బో పాస్కల్ రాసిన ఆండర్స్ హేల్స్‌బర్గ్ చివరికి మైక్రోసాఫ్ట్‌లో చేరి సీ షార్ప్, టైప్‌స్క్రిప్ట్ తయారుచేశారు. పీహెచ్‌పీ రాసిన రాస్మస్ లెర్డార్ఫ్ పుట్టింది సాక్షాత్తూ గ్రీన్‌లాండ్‌లో. క్రోమ్ బ్రౌజర్‌కు గుండెకాయ లాంటి వీ8 ఇంజిన్‌ను గూగుల్ కోసం రూపొందించింది డెన్మార్క్‌కే చెందిన లార్స్ బాక్.

కంపెనీల కథా ఇంతే. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ సంస్థ నావిజన్‌ను 2002లో మైక్రోసాఫ్ట్ సుమారు 130 కోట్ల డాలర్లకు కొనేసింది. స్వీడన్ వాసితో కలిసి డెన్మార్క్‌కు చెందిన యానుస్ ఫ్రీస్ ప్రారంభించిన స్కైప్ కూడా చివరికి అదే కంపెనీ చేతికి చేరి, 2025 మేలో మూతపడింది. కోపెన్‌హాగెన్‌లో మొదలైన జెన్‌డెస్క్, యూనిటీ శాన్‌ఫ్రాన్సిస్కోకు మకాం మార్చాయి. తెలుగు నేల నుంచి వలస వెళ్లిన ఇంజినీర్ల కథ తెలిసినవారికి ఇందులో కొత్తేమీ కనిపించదు. తేడా ఏమిటంటే, డెన్మార్క్ నుంచి కంపెనీలకు కంపెనీలే తరలిపోయాయి.

ఆ తరంలోనే బాగా పేరు మోసినవారు కోపెన్‌హాగెన్‌లో పుట్టిన డేవిడ్ హైనమైయర్ హాన్సన్. 2004లో విడుదలైన రూబీ ఆన్ రైల్స్ ఆయన సృష్టి. 2014లో లె మాన్స్ 24 గంటల కార్ల పందెంలో తన విభాగంలో నెగ్గిన జట్టులోనూ సభ్యుడు. దాదాపు రెండు దశాబ్దాల పాటు యాపిల్ కంప్యూటర్‌కు వీర విధేయుడైన ఈయన కథ గ్రీన్‌లాండ్‌తో మొదలవలేదు. 2020 జూన్‌లో ఆయన కంపెనీ తెచ్చిన 'హే' అనే ఈమెయిల్ యాప్‌లో చందాను యాపిల్ ద్వారానే కట్టించాలని, అందులో వాటా ఇవ్వాలని యాపిల్ పట్టుబట్టింది. గొడవ బహిరంగంగా సాగి చివరికి రాజీ కుదిరింది. మనసు మాత్రం విరిగింది. 2024లో ఆయన యాపిల్‌ను వదిలి, కొన్నాళ్లు విండోస్‌తో కాలక్షేపం చేసి, ఆఖరికి లినక్స్‌లో స్థిరపడ్డారు.

యంత్రంగా ఆయన ఎంచుకున్నది ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్. నీరవ్ పటేల్ స్థాపించిన ఈ అమెరికా కంపెనీ 2021 నుంచి ల్యాప్‌టాప్‌లను స్క్రూడ్రైవర్‌తో సహా పంపుతోంది. మెమరీ, బ్యాటరీ, కీబోర్డు, తెర, చివరికి మదర్‌బోర్డు కూడా ఎవరికి వారే మార్చుకోవచ్చు. పక్కనుండే చిన్న ముక్కలను తీసి యూఎస్‌బీ బదులు హెచ్‌డీఎంఐ పెట్టుకోవచ్చు. యాపిల్ ల్యాప్‌టాప్‌లతో పోలిస్తే స్పీకర్ల నాణ్యత, బ్యాటరీ మన్నిక అంతంత మాత్రమేనని సమీక్షకులు తరచూ అంటారు. అయినా పాడైతే పారేయక్కర్లేదన్న హామీ టెక్నాలజీ ప్రియులను ఆకట్టుకుంది.

గమనిస్తే ఇది కూడా అమెరికా కంపెనీయే. అమెరికా వద్దనుకునేవారికి మిగిలే మరో ప్రసిద్ధ మార్గం పాత థింక్‌ప్యాడ్. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసే ఈ గట్టి నల్ల ల్యాప్‌టాప్‌ల మీద లినక్స్ ఏ పేచీ లేకుండా నడుస్తుంది. అయితే థింక్‌ప్యాడ్ 2005 నుంచి చైనాకు చెందిన లెనోవోది. 2019లో 5జీ పరికరాల కోసం డెన్మార్క్ టెలికాం సంస్థ టీడీసీ చైనా కంపెనీ హువావేను కాదని స్వీడన్ కంపెనీ ఎరిక్సన్‌ను ఎంచుకుంది. అలాంటి దేశంలో వాషింగ్టన్‌ను తప్పించుకోబోయి బీజింగ్ దగ్గర తేలడం ఊరట కలిగించే సంగతి కాదు. బ్రిటన్‌కు చెందిన రాస్ప్‌బెరీ పై అనే చిన్న బోర్డును ఇంటి సర్వర్‌గా వాడుకునేవారు ఉన్నారు. వేల్స్‌లో తయారయ్యే దానిలోనూ ప్రధాన చిప్ అమెరికా కంపెనీ బ్రాడ్‌కామ్‌దే.

అందుకే హార్డ్‌వేర్ దగ్గర రాజీపడి సాఫ్ట్‌వేర్ దగ్గర పట్టుబట్టేవారే ఎక్కువ. పెట్టెను ఎవరు అమ్మినా, కొన్నాక అది కొన్నవారిది. సాఫ్ట్‌వేర్ అలా కాదు. నెల నెలా చందా కట్టే ప్రతి సేవా ఒక మీటే. లోతుగా చూస్తే ఈ వాదనలో బలం ఉంది. నయారాకు ఆగిపోయింది కంప్యూటర్లు కాదు, సేవలు.

హాన్సన్ అక్కడితో ఆగలేదు. తన అమరికనే ఓ ప్యాకేజీగా మార్చి 2024లో 'ఒమాకుబ్', 2025లో 'ఒమార్చీ' పేర్లతో అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఈ పేర్లకు మూలం జపనీస్ భోజనశాలల్లో వాడే ఒమకాసె అన్న మాట. ఏం తినాలో వంటవాడికే వదిలేయడమని అర్థం. స్వేచ్ఛ కోసం లినక్స్‌కు వచ్చిన మనిషి, మిగతావారి తరఫున ఎంపికలన్నీ తానే చేసి పెట్టారన్న మాట. ఇందులో వైరుధ్యం ఉన్నా, లినక్స్‌కు ఇంతకాలం అడ్డుపడింది ఎంపికలు లేకపోవడం కాదు, మరీ ఎక్కువ ఉండటమే. ఈ ప్యాకేజీ మూల కోడ్ ఉండేది మైక్రోసాఫ్ట్ సొంతమైన గిట్‌హబ్‌లో. వలసలపై హాన్సన్ రాసే రాతలు వేరే దుమారం రేపాయి. ఆయన ప్రాజెక్టును ప్రోత్సహించినందుకు 2025 అక్టోబర్‌లో ఫ్రేమ్‌వర్క్ కూడా సొంత అభిమానుల నుంచే విమర్శలు ఎదుర్కొంది. స్క్రూలు విప్పుకునే ల్యాప్‌టాప్‌కూ రాజకీయాలు తప్పలేదు.

రాజకీయాలకు దూరంగా చూసినా మారడం తేలికేం కాదు. ఉదాహరణకు కీబోర్డు. డేనిష్ కీబోర్డు మీద æ, ø, å అక్షరాలకు విడి మీటలు కావాలి. అవి ఆక్రమించిన చోటు వల్ల ప్రోగ్రామర్లకు క్షణక్షణం అవసరమయ్యే బ్రాకెట్లు అంకెల వరుసకు నెట్టబడ్డాయి. విండోస్, లినక్స్‌లలో మీసాల బ్రాకెట్ తెరవాలంటే ఆల్ట్‌జీఆర్‌తో పాటు 7 నొక్కాలి. మూయాలంటే 0. రోజుకు వెయ్యిసార్లు ఆ విన్యాసం చేయలేక అమెరికన్ అమరిక కీబోర్డు కొనుక్కునే ప్రోగ్రామర్లు ఉన్నారు. వారు సొంత భాష అక్షరాల కోసం మళ్లీ వేరే ఏర్పాటు చేసుకోవాలి.

పత్రాల సంగతి మరీ పాతది. లిబ్రె ఆఫీస్‌ది ఓడీఎఫ్ అనే ఫార్మాట్. మైక్రోసాఫ్ట్‌ది ఓఓఎక్స్‌ఎంఎల్. ఒకదానిలో చేసిన పట్టిక మరొకదానిలో తెరిస్తే అడుగుభాగం పక్క పేజీకి జారిపోవడం ఎరుగనివారు లేరు. ప్రభుత్వం బహిరంగ ప్రమాణాలు పాటించాలని డెన్మార్క్ పార్లమెంటు 2006లోనే తీర్మానించింది. అయితే ఏది బహిరంగ ప్రమాణం అన్న దగ్గరే యుద్ధం జరిగింది. 2008లో మైక్రోసాఫ్ట్ ఫార్మాట్‌కు అంతర్జాతీయ ప్రమాణ సంస్థ ఆమోదముద్ర వేసినప్పుడు అభ్యంతరం చెబుతూ అప్పీలు చేసిన నాలుగు దేశాల్లో భారత్ ఒకటి. మిగతావి బ్రెజిల్, దక్షిణాఫ్రికా, వెనిజులా. అప్పీళ్లు నెగ్గలేదు. తీర్మానం జరిగిన 19 ఏళ్లకు కూడా ఓ మంత్రిత్వ శాఖ ఆఫీసు సాఫ్ట్‌వేర్ మార్చుకోవడం పెద్ద వార్త అయిందంటే, ఆ తీర్మానం ఎంతవరకు అమలైందో ఊహించుకోవచ్చు.

ఇక ఆటలు. కౌంటర్ స్ట్రైక్‌లో నాలుగుసార్లు ప్రపంచస్థాయి మేజర్ టోర్నీలు నెగ్గిన అస్ట్రాలిస్ జట్టు డెన్మార్క్‌దే. కౌంటర్ స్ట్రైక్ లినక్స్ మీద నడుస్తుంది. విండోస్ కోసం రాసిన ఆటలను లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ అనే ఉపకరణం వల్ల మరెన్నో నడుస్తున్నాయి. కానీ మోసాలు పట్టే సాఫ్ట్‌వేర్‌ను వ్యవస్థ లోలోపలికి చొప్పించే వాలరంట్, ఆ వ్యవస్థను లినక్స్‌కు అనుమతించని ఫోర్ట్‌నైట్ నడవవు. ఒక్క ఆట కోసం పక్కన విండోస్‌ను అట్టిపెట్టుకునే టెక్నాలజీ ప్రియులు కోపెన్‌హాగెన్‌లోనే కాదు, ఎక్కడైనా కనిపిస్తారు.

ఇవన్నీ దాటినవారు సైతం ఆగిపోయే చోటు ఒకటుంది. అది సొంత ప్రభుత్వం పెట్టిన గేటు. బ్యాంకు, పన్నులు, ఆరోగ్య వివరాలు, ప్రభుత్వ ఉత్తరాలు ఏది తెరవాలన్నా డెన్మార్క్‌లో మిట్‌ఐడీ అనే ఎలక్ట్రానిక్ గుర్తింపు కావాలి. 2014 నవంబర్ నుంచి, ప్రత్యేక మినహాయింపు తీసుకున్నవారు తప్ప, 15 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ప్రభుత్వ ఉత్తరాలను డిజిటల్ రూపంలోనే అందుకోవాలి. మిట్‌ఐడీకి ముందు, 2010 నుంచి ఉన్న నెమ్‌ఐడీలో కోడ్‌లు అచ్చువేసిన చిన్న అట్ట జేబులో పెట్టుకుని తిరిగేవారు. అందులోనూ తలనొప్పి లేకపోలేదు. బ్రౌజర్‌లో జావా తప్పనిసరి కావడంతో, జావాలో భద్రతా లోపాలు బయటపడిన ప్రతిసారీ తీసేయాలో ఉంచాలో తెలియని స్థితి. 2014లో ఆ బెడద వదిలింది.

2021లో మొదలైన మిట్‌ఐడీని చాలామంది ఫోన్ యాప్‌గానే వాడతారు. ఆ యాప్ యాపిల్, ఆండ్రాయిడ్ ఫోన్లకే ఉంది. రెండూ అమెరికావే. యజమానే లోపలి తాళాలు విప్పి మార్చుకున్న ఫోన్లను అది అంగీకరించదు. అంటే ఇంట్లో లినక్స్, స్విట్జర్లాండ్ కంపెనీ ప్రోటాన్ ఈమెయిల్, జర్మనీ నుంచి వచ్చిన నెక్స్ట్‌క్లౌడ్‌లో ఫోటోలు పెట్టుకుని ఐరోపా గడప దాటకుండా బతికే మనిషి, కరెంటు బిల్లు కట్టడానికి మళ్లీ కాలిఫోర్నియా గుండా వెళ్లాలి. దీనికి విరుగుడు లేకపోలేదు. కోడ్ చూపే చిన్న పరికరాన్ని తీసుకుంటే యాప్ అక్కర్లేదు. తాళాల గుత్తికి తగిలించుకునేంత ఆ బిళ్లను స్మార్ట్‌ఫోన్ వాడలేని వృద్ధుల కోసమే అనుకుంటారు. కానీ తన ఫోన్ తన మాటే వినాలనుకునే టెక్నాలజీ ప్రియుడికి కూడా మిగిలే దారుల్లో అదొకటి.

2026 జనవరిలో గ్రీన్‌లాండ్ వ్యవహారం మళ్లీ భగ్గుమంది. డెన్మార్క్ సహా ఎనిమిది ఐరోపా దేశాల మీద సుంకాలు వేస్తానని ట్రంప్ హెచ్చరించి, రోజుల వ్యవధిలోనే వెనక్కి తగ్గారు. ఆ రోజుల్లో అక్కడ అత్యధికంగా డౌన్‌లోడ్ అయినవాటిలో 'ఊడెన్ యూఎస్ఏ' ఒకటి. 'అమెరికా లేకుండా' అని అర్థం. సరుకు మీది బార్‌కోడ్‌ను స్కాన్ చేస్తే అది ఏ దేశానిదో చెప్పి, బదులుగా ఏం కొనవచ్చో సూచిస్తుంది. దాన్ని జనం దించుకున్నది యాపిల్, గూగుల్ దుకాణాల నుంచే.

పెద్దలకు కనీసం ఎంచుకునే వీలుంది. పిల్లలకు అదీ లేదు. షేక్‌స్పియర్ హామ్లెట్ కోటగా పేరుపడ్డ క్రోన్‌బోర్గ్ ఉన్న హెల్సింగోర్ పట్టణంలో 2019లో ఓ తండ్రి అభ్యంతరం లేవదీశారు. బడి ఇచ్చిన క్రోమ్‌బుక్ ఖాతా ద్వారా తన బిడ్డ పేరు యూట్యూబ్‌లో బయటపడటం ఆయన ఫిర్యాదు. అది చిలికి చిలికి గాలివానై, 2022 జులైలో ఆ పట్టణ బడుల్లో క్రోమ్‌బుక్‌లు, గూగుల్ వర్క్‌స్పేస్ వాడకాన్ని దేశ డేటా రక్షణ సంస్థ నిషేధించేదాకా వెళ్లింది. బడులు తెరిచాక గందరగోళం చెలరేగడంతో సెప్టెంబర్‌లో నిషేధం తాత్కాలికంగా పక్కన పెట్టారు. 2024 జనవరిలో తుది మాట వచ్చింది. గూగుల్ తన సేవలను మెరుగుపరుచుకోవడం వంటి సొంత అవసరాలకు విద్యార్థుల డేటా అందించే హక్కు మునిసిపాలిటీలకు చట్టప్రకారం లేదని చెప్పి, ఆగస్టు 1 లోగా సరిదిద్దుకోమంది. ఆ ఉత్తర్వు పరిధిలోకి వచ్చినవి దేశంలోని 98 మునిసిపాలిటీలలో 53. అన్నేళ్లుగా అడగకుండానే ఎంపిక ఎంత పెద్ద ఎత్తున జరిగిపోయిందో ఆ అంకె చెబుతుంది.

అమెరికా నీడ నుంచి బయటపడాలనే ప్రభుత్వమే పౌరుల గోప్యతకు కాపలాదారు అనుకుంటే పొరపాటు. 2025 ద్వితీయార్ధంలో ఐరోపా మండలి అధ్యక్ష స్థానంలో ఉన్న డెన్మార్క్, పిల్లలపై లైంగిక అకృత్యాల చిత్రాలను పట్టుకునేందుకంటూ ప్రైవేటు సందేశాలను తప్పనిసరిగా జల్లెడ పట్టే ప్రతిపాదనను ముందుకు తోసింది. జర్మనీ వంటి దేశాల నుంచి ప్రతిఘటన ఎదురయ్యాక, అక్టోబర్ చివరలో న్యాయ మంత్రి పీటర్ హుమెల్‌గోర్ ఆ తప్పనిసరి నిబంధనను వదులుకున్నారు. సిగ్నల్ వంటి రహస్య సందేశాల యాప్‌లు వాడే డెన్మార్క్ యువతకు ఆ నెలల్లో ప్రమాదం కనిపించింది వాషింగ్టన్ వైపు నుంచి కాదు.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఐరోపాలోని ఇళ్ల వాడకందారులకు మరో ఏడాది ఉచిత భద్రతా సవరణలు ఇచ్చారు. విండోస్ 11కు పనికిరాని పాత యంత్రాలను పారేయాలా, లినక్స్ వేసి నిలుపుకోవాలా అన్న ప్రశ్నను అది వాయిదా వేసిందే తప్ప తీర్చలేదు. డెన్మార్క్ గ్రంథాలయాలు ఈ ప్రశ్నకు చాలా ముందే జవాబు వెతుక్కున్నాయి. ఓఎస్2 అనే మునిసిపాలిటీల కూటమి ఉబుంటు లినక్స్ ఆధారంగా తయారుచేయించిన 'బోర్గర్‌పీసీ' ఏళ్ల తరబడి అక్కడి పౌరుల బల్లల మీద ఉంది. ఒకరు లేచి వెళ్లగానే వారు వదిలిన ఆనవాళ్లన్నీ చెరిగిపోయి, తర్వాతి మనిషికి శుభ్రంగా సిద్ధమవుతుంది. అక్కడికొచ్చి అద్దె దరఖాస్తు నింపి ప్రింటు తీసుకునేవారికి అది విండోసో లినక్సో తెలుసుకోవాల్సిన అవసరం రాదు.